నొప్పి వంతులు

నా కూతురి చేతి నొప్పిని నేను ఒక గంటసేపు మోశాను. బుధవారం పొద్దున్న ఎనిమిది నుంచి తొమ్మిది దాకా. ఆ గంటలో ఉన్నమాట ఒక్కటి చెప్పి ఉంటే దాని చెయ్యి దానికి మిగిలేది. నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలియాలంటే ముందు మా మిల్లు సంగతి చెప్పాలి.

మాది గుర్రాలపాలెం గోనెసంచుల మిల్లు. గోగునార మోపులు ఒక గుమ్మంలోంచి వస్తాయి, కుట్టిన సంచులు ఇంకో గుమ్మంలోంచి పోతాయి. మధ్యలో నార మెత్తబెట్టడం, దువ్వడం, వడకడం, నెయ్యడం. నేను దువ్వుడు మిషన్ల దగ్గర మేస్త్రీని. దాలయ్య నా పేరు, అందరూ దాలి మేస్త్రీ అనేవారు. రోజుకి మూడు షిఫ్టులు. మిషను ఆగదు, మనుషులే మారతారు. దిగేవాడు మిషను పక్కన నిలబడి ఎక్కేవాడికి అప్పగించాలి. ఎక్కేవాడు "ఎలగున్నాది?" అంటాడు. దిగేవాడు "నడుస్తన్నాది" అంటాడు. అంతే. ఆ మిషను ఎనిమిది గంటలూ ప్రాణం తోడేసినా సరే, అదే మాట. బెల్టు జారుతోందనో రోలరు కాలుతోందనో చెప్పావంటే, నీకు చేతకాక చెప్పావని నవ్వుతారు. మా అయ్య నాకు అదే నేర్పాడు. నేను నా చేతి కింద పనికొచ్చిన ప్రతివాడికీ అదే నేర్పాను. నా కూతురు నూకాలుకి కూడా.

నూకాలు మాకు ఒక్కతే పిల్ల. అప్పటికి దానికి ఇరవయ్యారేళ్ళు. అల్లుడు చేపల వేటకి గుజరాతు పడవల మీద పోయేవాడు, ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడే. అది నాలుగేళ్ళ పిల్లని మా ఆవిడ పైడమ్మ దగ్గర వదిలి నాతో పాటు మిల్లుకి వచ్చేది. దువ్వుడు మిషనుకి నార అందించడంలో దాని చేతిని మించిన చెయ్యి లేదు. నోరూ అంతే. నాకు మాట నెమ్మది. నేను ఒక మాట వెతుక్కునేలోపు అది పది అనేసేది.

ఆ ఏడాదే మా మిల్లు ఆసుపత్రికి హేమనళిని అనే డాక్టరమ్మ వచ్చింది. ఆరు మంచాల చిన్న ఆసుపత్రి. ఆమె వస్తూనే వెనకగదిలో ఏవో పెట్టెలు, తీగలు పెట్టుకుని తలుపేసుకుంది. మూడు నెలల తరవాత ఒకరోజు నార మోపు జారి కోటేశు పాదం మీద పడింది. ఎముక విరిగింది. వాడు ఆసుపత్రి కప్పు లేచిపోయేలా అరుస్తుంటే, డాక్టరమ్మ రెండు పట్టీలు తెచ్చింది. బూడిదరంగువి, వేలెడు వెడల్పు, చేతిగడియారం పట్టీల్లా ఉన్నాయి. ఒకటి కోటేశు కాలికి చీలమండ పైన కట్టింది. రెండోది తన కాలికి అదేచోట కట్టుకుంది. చిన్న బొత్తాం నొక్కింది.

కోటేశు అరుపు సగంలో ఆగిపోయింది. డాక్టరమ్మ మంచం కోడు పట్టుకుంది. ఆమె ముక్కు మీద చెమట బొట్లు లేచాయి.

"ఓర్నాయనో," అన్నాడు కోటేశు, కాలు చూసుకుంటూ. "ఏటైనాదమ్మా? ఎక్కడికెల్లిపోనాది?"

"నా దగ్గరుంది," అంది డాక్టరమ్మ పళ్ళ బిగువున. "చాలా గట్టిగానే ఉంది కోటేశూ. నువ్వు ఊరికే అరవలేదు."

ఆమె మాకు చెప్పింది ఇంతే. కాలు నలిగితే నరంలో ఒక కబురు పరిగెత్తుతుంది, తలకి చేరుతుంది, అదే నొప్పి. ఈ పట్టీ ఆ కబురుని దారిలో పట్టుకుని ఇంకొకరి నరంలోకి మళ్ళిస్తుంది. దెబ్బ ఇతనిదే, బాధ అతనిది.

"మరి ఎవరికీ పంపకుండా ఆపీలేరేటమ్మా?" అని నేను అడిగాను.

"మందిచ్చి ఆపొచ్చు మేస్త్రీ గారూ, మనిషి మత్తులో పడుంటాడు. పట్టీతో ఊరికే ఆపేస్తే నరం ఊరుకోవడం లేదు. వినేవాళ్ళు లేకపోతే ఇంకా గట్టిగా అరుస్తోంది. ఎవరో ఒకరు వింటే నెమ్మదిస్తోంది. మనిషి నిద్రపోతున్నాడు, తింటున్నాడు, త్వరగా మానుతున్నాడు."

సంచులు కుట్టే సెక్షన్లో అప్పలకొండ అని ఉండేది. నాకు వరసకి చెల్లెలు. అది ముందుకొచ్చి చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి కాలు చాపింది.

"నాకు కట్టీమ్మా. నలుగుర్ని కన్నదాన్ని. ఈడి పాదమెంత, ఈడెంత."

అలా మొదలైంది. మా మిల్లులో ఒకరు రాకపోతే వాళ్ళ చోట ఇంకొకరు నిలబడటం ఎప్పటినుంచో ఉన్నదే. ఇదీ అలాంటిదే అనుకున్నారు. కోటేశు నొప్పిని గంటకి ఒకరు చొప్పున వంతులేసుకుని మోశారు. గంట దాటితే మోసేవాళ్ళకి ప్రమాదమని డాక్టరమ్మ అంతకు మించి ఒప్పుకునేది కాదు. వంతు మారే నిమిషం పాటు బొత్తాం నొక్కి కబురుని ఆపి ఉంచేవారు. వంతు దిగేటప్పుడు నొప్పి పదిలో ఎంతుందో కాంపౌండరు సత్యానికి చెప్పాలి, అతను పుస్తకంలో రాయాలి. అది ఆమె పెట్టిన నియమం. సత్యం కూడా మా మిల్లు పిల్లవాడే, వాళ్ళ నాన్న మగ్గాల దగ్గర పనిలోనే పోయాడు. అతను "ఎలగున్నాది?" అనేవాడు. దిగేవాళ్ళు "నడుస్తన్నాది" అనేవారు. అతను మూడు అని రాసేవాడు.

కోటేశు పన్నెండో రోజున కర్ర సాయంతో నడిచాడు. కంపెనీ పెద్దలు ఫొటోలు తీయించారు. పుస్తకంలో అన్నీ మూడ్లే ఎందుకున్నాయని ఎవరూ అడగలేదు.

నూకాలుకి దెబ్బ తగిలింది ఒక సోమవారం, పదిగంటలప్పుడు. దువ్వుడు మిషనులో పెద్ద డోలు ఉంటుంది, దాని చుట్టూ ఇనప పళ్ళ రోలర్లు. ఆ రోజు నార తడిగా వచ్చింది. తడినార వేళ్ళకి చుట్టుకుంటుంది. నేను రెండు మిషన్ల అవతలున్నాను. "అయ్యా" అని ఒక్క కేక వినపడింది. నేను పోయి ఎర్ర బొత్తాం కొట్టేసరికి కుడిచెయ్యి మణికట్టు దాటి లోపలికి పోయింది. రోలర్లు వెనక్కి తిప్పి బయటికి తీయడానికి నలుగురం పట్టాం.

పట్నం నుంచి సర్జన్ వచ్చి సాయంత్రం దాకా ఎముకలు సర్దాడు. మోచెయ్యి దాకా పిండికట్టు వేశాడు. వేళ్ళు నిలుస్తాయన్నాడు, ఆరునెలలకి నార అందించకపోయినా సూదీ దారం పట్టుకోగలదన్నాడు. పైడమ్మ అక్కడే కూలబడి ఆయన బూట్లకి దణ్ణం పెట్టింది.

మంగళవారం మత్తు దిగింది. మధ్యాహ్నం డాక్టరమ్మ పట్టీ కట్టింది. ఆ సాయంత్రమే ఆమె విశాఖపట్నం పోవాలి, కంపెనీ పెద్దల ముందు ఈ పట్టీ సంగతి చెప్పడానికి. బుధవారం రాత్రికి వచ్చేస్తానంది. పోతూ పోతూ సత్యం చేతిలో ఫోన్ నంబరు పెట్టి, "నొప్పి పెరిగితే ఒక్క క్షణం ఆగొద్దు. నాకు చెయ్యి, సర్జన్ గారికి చెయ్యి," అని రెండుసార్లు చెప్పింది.

వంతులకి జనం ఎగబడ్డారు. ఆసుపత్రి వరండాలో నల్లబల్ల పెట్టి గంట గంటకీ పేర్లు రాశారు. బుధవారం పొద్దుగూకేదాకా గంటలన్నీ నిండిపోయాయి. గోడౌను కాపలావాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు.

నూకాలు ఒప్పుకోలేదు మొదట. "నా ఏడుపు నలుగురికీ పంచడమేటి? సిగ్గు లేదేటి నాకు?" అంది.

"ఓలే," అంది అప్పలకొండ, దాని పక్కన కూర్చుని పట్టీ కట్టించుకుంటూ. "నీ పెళ్ళిలో పప్పన్నం తిన్నాం కదే. ఏడుపొచ్చినప్పుడు ముకం సాటెయ్యమంతావా?"

నూకాలు నవ్వింది. నొప్పి పోయాక ఆకలేసిందంది. వాళ్ళమ్మ కలిపి పెడితే ఎడంచేత్తో చేపల పులుసన్నం తింది. కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "సూడవే, నీ అమ్మకి సున్నం సెయ్యి వొచ్చినాది," అని పిండికట్టు చూపించి ఆడించింది. రాత్రి డాక్టరమ్మ విశాఖపట్నం నుంచి ఫోన్ చేసింది. సత్యం పుస్తకం చదివాడు. మూడు, మూడు, మూడు.

బుధవారం పొద్దున్న నా వంతు ఎనిమిదింటికి. షిఫ్టు మధ్యలో గంట సెలవడిగి పోయాను. నాకు ముందు అప్పలకొండదే వంతు. అది రెండోసారి వచ్చింది. నేను పోయేసరికి పట్టీ విప్పి లేచి నిలబడింది. దాని కింది పెదవి మీద పళ్ళ గాట్లు, నెత్తురు. నేను చూశాను. నేను చూడటం అదీ చూసింది.

"ఎలగున్నాది?" అన్నాను.

"నడుస్తన్నాది అన్నియ్యా," అని కొంగుతో నోరు తుడుచుకుని పోయింది.

నేను కట్టుకున్నాను. ఏం చెప్పను. చెయ్యి లోపల ఎవరో పంపు పెట్టి గాలి కొడుతున్నట్టుంది. లోపల ఉబ్బుతోంది, బయట చర్మం చాలడం లేదు, చీల్చుకుని రావడానికి దారి లేదు. తగ్గి మళ్ళీ రావడం లేదు. నిమిషానికొక పిసరు ఎక్కుతోంది. నా తువ్వాలు మడిచి నోట్లో పెట్టుకున్నాను.

నూకాలు నా ఎదురుగానే మంచం మీద కూర్చునుంది. "అయ్యా, ఏటి అలా సూస్తన్నావు? ఎక్కువున్నాదేటి?" అంది.

నేను తువ్వాలు తీసి, "లేదమ్మా," అన్నాను.

"ఏళ్ళు మొద్దుబారినట్టున్నాయి. పట్టీ వల్లేమో."

"అంతే అయ్యుంటాది."

ఆ గంట సేపూ నా బుర్రలో ఒక్కటే ఆలోచన. అప్పలకొండ మోసింది. దానికి ముందు కోటేశు మోశాడు. వాడికి ముందు ఇంకొకరు. వాళ్ళెవరూ కిక్కురుమనలేదు. సొంత కూతురి నొప్పి, నేను మేస్త్రీని, నేనే అరిస్తే ఎలా? విరిగిన చెయ్యి కదా, ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. నలభయ్యేళ్ళు మిషన్ల చప్పుడు విన్నవాణ్ణి. ఏ మిషను బాగున్నదో, ఏది విరగబోతున్నదో చప్పుడుని బట్టి తెలుస్తుంది నాకు. ఇది విరగబోతున్న చప్పుడని తెలిసింది. తెలిసే చెప్పలేదు.

తొమ్మిదింటికి మగ్గాల గవరయ్య వచ్చాడు. "ఎలగున్నాది బావా?" అన్నాడు.

నేను ఆ మాటే అన్నాను. సత్యం మూడు రాశాడు. నేను మిల్లుకి పోయాను.

మధ్యాహ్నం రెండుగంటలకి షిఫ్టు దిగి మళ్ళీ ఆసుపత్రికి వచ్చాను. ఆ గంట వంతు జగబంధు అనేవాడిది. ఒరిస్సా నుంచి వచ్చి మూడు వారాలైంది. ఎవరైనా రాకపోతే వాళ్ళ చోట నిలబడేవాడు. మా మాటలు అప్పుడప్పుడే పట్టుబడుతున్నాయి. అందరూ రాయించుకుంటున్నారని వాడూ పేరు రాయించుకున్నాడు. సత్యం బొత్తాం నొక్కాడు.

జగబంధు ఒక్క కేక పెట్టాడు. వరండాలో పిట్టలు లేచిపోయాయి. వాడు మంచం మీంచి కిందపడి పట్టీ పీకేసుకున్నాడు.

బొత్తాం ఆపకుండా పీకేసరికి నొప్పి తిరిగొచ్చి, నూకాలు చెయ్యి పట్టుకుని మెలితిరిగింది. సత్యం వెంటనే ఆ పట్టీ తన చేతికి కట్టుకున్నాడు, నోరు బిగించాడు.

వరండాలో ఉన్న పదిమందీ లోపలికి తొంగిచూసి నవ్వారు. గవరయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అరనిమిషం ఆగనేకపోనావేటిరా? మా అప్పలకొండ రెండు వంతులు మోసీసినాది!"

"పాపం, ఈడికి పాలు పట్టండర్రా!"

జగబంధు నేలమీద కూర్చుని వాళ్ళ వంక చూశాడు. వాడికి సిగ్గనిపించలేదు. ఆశ్చర్యపోయాడు. తరవాత నా వంక తిరిగాడు.

"మేస్త్రీ," అన్నాడు. "మా అన్న కాలు ఇరిగింది. నేను చూసినాను. నొప్పి అంటే తెలుసు. ఇది అది లేదు. ఇది చెయ్యి చచ్చిపోతా ఉంది. పొద్దున మీరు కట్టినారు కదా. మీకు ఇట్లా లేదా?"

నవ్వులు ఇంకా ఆగలేదు. అందరూ నా వంక చూశారు, నేను వాడికి ఏ చురక వేస్తానా అని. నాకు మాట రావడానికి ఎప్పుడూ ఆలస్యమే. ఆ రోజు ఇంకా ఆలస్యమైంది.

"ఉన్నాది," అన్నాను.

గవరయ్య నవ్వు ఆపాడు. తల దించుకుని, "నాకూ," అన్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ అప్పలకొండ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "తెల్లారినప్పట్నుంచీ ఎక్కుతానే ఉన్నాది అన్నియ్యా. అందరూ ఓర్సుకుంతన్నారని..."

సత్యం పుస్తకం కింద పడేసి, పిండికట్టు చివర నూకాలు వేళ్ళు ముట్టుకున్నాడు. చల్లగా ఉన్నాయి. గోళ్ళు నీలంగా ఉన్నాయి. వాడు ఫోన్ దగ్గరికి పరిగెత్తబోయి, చేతికి పట్టీ ఉందని గుర్తొచ్చి నా వంక చూశాడు. నేను తీసి కట్టుకున్నాను.

సర్జన్ రావడానికి గంటన్నర పట్టింది. గంటకి మించి మోయకూడదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈసారి నేను అరిచాను. సిగ్గులేకుండా, పశువులా అరిచాను. ఇద్దరు నన్ను మంచానికి అదిమి పట్టుకున్నారు. ఎదుటి మంచం మీద నూకాలు ఏ నొప్పీ లేకుండా కూర్చుని నన్ను చూస్తోంది. దాని మొహంలో రంగు పోయింది.

"అయ్యా," అంది. "అదంతా నా సెయ్యేనా?"

చేతి లోపల వాపు పెరిగి, పిండికట్టులో చోటు లేక, నెత్తురు లోపలికి పోవడం ఆగిపోయిందట. కండ చచ్చిపోయింది. దాన్ని ముందుగా చెప్పేది నొప్పి ఒక్కటేనట. పొద్దున్నే తెలిసుంటే కట్టు కోసేసి, వాపు వదిలించి, చేతిని దక్కించేవాణ్ణని సర్జన్ చెప్పాడు. మమ్మల్ని తిట్టలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మోచేతికి కింద జానెడు ఉంచి తీసేశాడు.

మూడోరోజు నూకాలు కళ్ళు తెరిచి నన్ను ఒక్కటే అడిగింది.

"బుధారం పొద్దున్న కూడా అలగే ఉన్నాదేటి?"

"ఉన్నాది."

"నానడిగినాను కదా నిన్ను."

"అడిగినావమ్మా."

అది మొహం గోడవైపు తిప్పుకుంది. ఆ తరవాత నాతో మాట్లాడటం మానేసింది.

నెల తిరక్కుండా మేనేజరు మీటింగు పెట్టాడు. డాక్టరమ్మని కూర్చోబెట్టి, మమ్మల్ని నిలబెట్టి, ఈ ప్రయోగం ఆపేది లేదన్నాడు. ఒక్క పొరపాటు జరిగిందని మంచి సాధనాన్ని పారేస్తామా అన్నాడు. పైగా కొత్త సంగతి చెప్పాడు. దెబ్బ తగిలినవాడి నొప్పి ఇంకొకడు మోస్తుంటే, దెబ్బ తగిలినవాడు మంచం మీద ఎందుకు ఉండాలి? మిషను దగ్గరే నిలబడొచ్చు కదా.

డాక్టరమ్మ లేచింది. ఆమె బాగా చిక్కిపోయింది. "దీన్ని మీ చేతిలో పెట్టను," అంది. "తప్పు నాది. నేను పుస్తకాన్ని నమ్మాను. మనుషుల్ని చూడలేదు."

అప్పుడు నేను చెయ్యెత్తాను. నలభయ్యేళ్ళలో ఏ మీటింగులోనూ నోరెత్తనివాణ్ణి. మేనేజరు గడియారం చూసుకున్నాడు. నేను నెమ్మదిగానే చెప్పాను, బుధవారం నాకు ఎంత నొప్పి ఉందో, గవరయ్యకి ఏమని అప్పగించానో, ఎందుకని అలా అన్నానో. పుస్తకంలో నా పేరున ఉన్న ఆ మూడు అబద్ధం అని చెప్పాను. ఇంక మిల్లు కోసం పట్టీ కట్టుకోననీ, ఆ మాట రాస్తే దాని మీద నా వేలిముద్ర వేస్తాననీ అన్నాను. నా వెనక అప్పలకొండ వేసింది. కోటేశు, గవరయ్య, ఒక్కొక్కరే పదహారుమంది వేశారు. పట్టీ కట్టుకునేవాళ్ళు లేకపోతే మేనేజరు మాత్రం ఎవరికి కడతాడు? డాక్టరమ్మ పెట్టె సర్దుకుని ఊరెళ్ళిపోయింది.

అది చేసినందుకు నూకాలు మాట్లాడుతుందేమో అనుకున్నాను. మాట్లాడలేదు.

ఇంట్లో చెయ్యి లేకుండా బతకడం చూశాను నేను. పిల్లకి జడ వెయ్యడానికి రిబ్బను పళ్ళతో పట్టుకుని, ఎడంచేత్తో పాయలు తిప్పి, అవి జారిపోతే మొదట్నుంచీ వేసేది. పైడమ్మ సాయం పోతే కసిరేది. మిల్లువాళ్ళు గేటు దగ్గర కుర్చీ వేస్తామన్నారు, పనికొచ్చేవాళ్ళకి హాజరు బిళ్ళలు ఇచ్చే పని. "కూకోడానికి పిలస్తన్నారా, సూపించడానికా?" అని పంపేసింది. అప్పలకొండ వారానికోసారి వచ్చి గుమ్మంలో కూర్చునేది. లోపలికి రమ్మని నూకాలు అనేది కాదు, పొమ్మని కూడా అనేది కాదు.

అన్నిటికంటే నరకం, లేని చెయ్యి నొప్పి. చెయ్యి పోయింది కానీ నొప్పి పోలేదు. అన్నం తింటూ తింటూ కంచం తోసేసి మొండిచేతిని గుండెలకి అదుముకుని ముందుకీ వెనక్కీ ఊగేది. మాత్రలు వేస్తే నిద్ర వచ్చేది, నొప్పి తగ్గేది కాదు. నాలుగు నెలలకి సగం మనిషైపోయింది. పిల్ల దాని దగ్గరికి పోవడానికి భయపడటం మొదలుపెట్టింది. అది చూసి ఒకనాడు నూకాలే వాళ్ళమ్మతో అంది, డాక్టరమ్మకి కబురు పెట్టమని.

డాక్టరమ్మ మధ్యాహ్నం బస్సులో వచ్చింది. చేతిలో ఆ పెట్టె ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, తెరవకుండా కూర్చుంది.

"నొప్పి ఎలా ఉంటుందో చెప్పగలవా నూకాలూ?"

"అది తెలిస్తే కదమ్మా సెప్పడానికి," అంది నూకాలు. "నొప్పొచ్చినప్పుడు నాకు మాటలుండవు. లేని సెయ్యి ఎలగుంతాదో ఎలగ సూసేది? ఎవరన్నా సూసి సెప్పాలి."

"పట్టీ కడితే ఇంకొకరికి తెలుస్తుంది. కానీ నేను అడగలేను నిన్ను."

నూకాలు తలుపు వైపు చూసింది. నేను తలుపు బయటే నిలబడ్డాను. నాలుగు నెలల తరవాత మొదటిసారి నన్ను పిలిచింది.

"అయ్యా. రా. నువ్వు కట్టుకో. ఇంకెవులూ వొద్దు. నాకు నొప్పి తగ్గించొద్దు నువ్వు. అక్కడేటున్నాదో సెప్పు. ఒక్కటి దాసినావంటే మళ్ళీ ఈ ఇంట్లో నా మొకం సూడవు."

డాక్టరమ్మ దాని మొండిచేతికీ నా చేతికీ పట్టీలు కట్టింది. నేను కళ్ళు మూసుకున్నాను. నొప్పి వచ్చింది. కానీ నొప్పి కంటే ముందు ఇంకొకటి వచ్చింది. నా కుడిచేతి లోపల ఇంకో చెయ్యి ఉంది. నాకంటే సన్నటిది. వేళ్ళు నావి కావు. ఎప్పుడో నేను చెయ్యి పట్టుకుని మిల్లు గేటు దాటించిన చెయ్యి అది. చెత్తకుండీలో పడేశారనుకున్న చెయ్యి, ఎక్కడికీ పోలేదు.

"సెప్పు," అంది నూకాలు.

"ఆగమ్మా." మాటలు వెతుక్కున్నాను. "పిడికిలి. గట్టిగా మూసున్నాది. నార పాయ పట్టుకున్నట్టు పట్టుకున్నాది, వదల్డం లేదు. గోళ్ళు అరసేతిలో దిగిపోనాయి. బొటనేలు లోపలికి మడిసి ఉన్నాది, దాని మీద నాలుగేళ్ళూ నొక్కీసినాయి. బొటనేలు కణుపు దగ్గర మరీ ఎక్కువున్నాది. మంట కాదు. ఇరుకు. మణికట్టు ఎనక్కి లాగుతున్నాది. ఇక్కడ, ఇక్కడ."

నూకాలు కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, కానీ ఊగడం లేదు. "ఆ," అంది. "ఆ. అదే. బొటనేలే."

డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరిగింది. "మేస్త్రీ గారూ, మీ చెయ్యి కూడా పిడికిలి పట్టండి. సరిగ్గా అలాగే. ఇప్పుడు దాన్ని తెరవండి. నెమ్మదిగా. నేను కబురుని రెండోవైపు కూడా వదులుతాను, మీ చేతి కదలిక తనకి చేరేలా. అవుతుందో లేదో నాకు తెలీదు. ఎప్పుడూ చెయ్యలేదు."

నేను పిడికిలి పట్టాను. నా వేళ్ళు దాని వేళ్ళ మీద సరిపోయాయి. ముందు చూపుడువేలు ఎత్తాను. బిగుసుకుపోయిన రోలరుని చేత్తో తిప్పినట్టుంది.

"సూపుడేలు కదిలినాది," అన్నాను. "కొంచెం. మళ్ళీ పోతన్నాది. ఆగు. వొచ్చినాది."

నూకాలు ఊపిరి పీల్చుకుంది. దాని మొండిచేతి చివర చిన్నగా కదలడం నేను చూశాను.

"మద్దేలు," అంది అదే, నాకంటే ముందు. "తియ్యు."

తీశాను. ఉంగరపువేలు చాలాసేపు పట్టింది. ఏ చోట ఆగిందో, ఎంత నొప్పెట్టిందో, ఎక్కడ వదిలిందో అంతా చెప్పాను. మాట దొరకనప్పుడు ఆగాను. అది తొందరపెట్టలేదు. బొటనవేలు బయటికి వచ్చేటప్పుడు ఇద్దరం ఒకేసారి అరిచాం. వంటింట్లోంచి పైడమ్మ పరిగెత్తుకొచ్చింది, దాని వెనక పిల్ల. పిల్ల గుమ్మంలో ఆగి, మా ఇద్దరి మొహాలూ చూసి, మెల్లగా వచ్చి వాళ్ళమ్మ మోకాలికి ఆనుకుంది. నూకాలు దాని తల మీద ఎడంచెయ్యి వేసింది.

"సిటికినేలు?" అంది.

ప్రయత్నించాను. ఇంకోసారి ప్రయత్నించాను. నా చిటికెనవేలు తెరుచుకుంది, దానిది తెరుచుకోలేదు.

"రాడం లేదమ్మా," అన్నాను. "అక్కడే ఉన్నాది. గోరు దిగే ఉన్నాది. వొట్టినే సెప్పడం లేదు, ఈ ఏళకి ఇది రాదు."

నూకాలు కళ్ళు తుడుచుకుంది. డాక్టరమ్మ పట్టీ విప్పుతుంటే అది నా వంక తిన్నగా చూసింది.

"సాల్లే అయ్యా," అంది. "రేపు మిల్లు నుంచి బేగి రా."